మంచును చదువుకున్న ఊరు

పెట్టుబడుల వార్తల్లో ఏటా కనిపించే దావోస్... ఒకప్పుడు పశువులు, గడ్డివాములు తప్ప మరేమీ లేని కొండపల్లె. దగ్గుతూ వచ్చిన ఇద్దరు రోగులు దాని తలరాత మార్చేశారు. ఆ ఊరి కథలో మన మైపాడు తీరానికీ ఓ పాఠం ఉంది!

సంక్రాంతి వెళ్లి, గొబ్బెమ్మలు పిడకలై గోడల మీద ఎండే రోజులకి పేపర్లో ఓ ఊరి పేరు కనిపిస్తుంది. దావోస్! మెడ దాకా కోట్లు బిగించుకున్న నాయకులు, వెనకాల తెల్లటి కొండలు, కింద ఒప్పందాల లెక్కలు. 1990ల చివర్లో చంద్రబాబునాయుడు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాక ఆ పేరు తెలుగువాళ్ల ఇళ్లలో బాగా నలిగింది. 2025 జనవరిలోనైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులిద్దరూ అక్కడే ఉన్నారు.

ఇంతకీ ఆ ఊళ్లో ఏముంది?

స్విట్జర్లాండ్‌లో తూర్పువైపున ఉన్న గ్రాబుండెన్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున, ఓ పొడవాటి లోయలో ఉంటుంది దావోస్. మన హార్స్‌లీ హిల్స్ కంటే దాదాపు 300 మీటర్లు ఎక్కువ. జనాభా పదకొండు వేలకి అటూ ఇటూ. అంటే మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ! స్కీయింగ్, స్లెడ్జి పందేలు, ఐస్ హాకీ... మంచు మీద ఆడే ఆటల్లో దేని చరిత్ర తిరగేసినా ఈ ఊరి పేరు ఎక్కడో ఓ చోట తగులుతుంది.

నెల్లూరులో మైపాడు గేటు దాటి పాతిక కిలోమీటర్లు వెళ్తే మరో విడిది కనిపిస్తుంది. ఇందుకూరుపేట మండలంలోని మైపాడు. జాలర్ల పల్లె. వరిచేలు, రొయ్యల చెరువులు దాటాక ఇసుక, ఆ తర్వాత బంగాళాఖాతం. ఆదివారమైతే పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్లు, పర్యాటక శాఖ రిసార్టు, వేయించిన చేపల వాసన.

అక్కడ మంచు, ఇక్కడ ఇసుక. పోలికేముంది అనిపిస్తుంది. కానీ రెండూ పల్లెలుగా పుట్టి విడిదులైనవే. రెండింటికీ ప్రకృతే పెట్టుబడి. జనం దేన్ని చూడటానికి పరుగెత్తుకొస్తారో... రెండుచోట్లా ప్రాణాలు తీసేదీ అదే. ఈ చిక్కుతో నూటయాభై ఏళ్లకు పైగా కాపురం చేసిన ఊరు దావోస్. అందుకే మైపాడు ఒడ్డున నిలబడి చూస్తే దాని కథలో ఒప్పందాల కంటే విలువైన సంగతి ఒకటి కనిపిస్తుంది.

ఆరునెలలు తలుపు మూసుకుని...

13వ శతాబ్దం చివర్లో వాల్సర్లు అనే జర్మన్ మాట్లాడే రైతులు పడమటి లోయల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్లకి పశువులే ఆస్తి. ఎండాకాలమంతా గడ్డి కోసి వాములు వేసుకోవడం, చలికాలమంతా ఆ గడ్డి పశువులకి వేస్తూ ఇళ్లలో కూర్చోవడం. పాలు, వెన్న, జున్ను. అంతకు మించి ఆ నేల ఇచ్చేది తక్కువ. అయినా రాజకీయంగా చిన్న ఊరేం కాదు. 1436లో చుట్టుపక్కల పది ప్రాంతాలు కలిసి ఓ కూటమి కట్టుకున్నది ఇక్కడే.

చాలీచాలని సేద్యంతో ఆ కొండల్లో మగపిల్లలు వలసబాట పట్టేవారు. కొందరు పరాయి రాజుల సైన్యాల్లో జీతానికి కుదిరారు. ఇంకొందరు ఇటలీ నగరాలకి వెళ్లి మిఠాయి దుకాణాలు పెట్టుకున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లకి మంచు అంటే దారులు మూసేసేది, కొండచరియ మీద నుంచి విరిగిపడి ఇళ్లని మింగేసేది. దాన్ని చూడటానికి డబ్బులిచ్చి మరీ జనం వస్తారని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేవారు.

డాక్టరు గమనించిన వింత

1853లో ఆ లోయకి ఓ కొత్త డాక్టరు వచ్చాడు. పేరు అలెగ్జాండర్ స్పెంగ్లర్. జర్మనీవాడు. న్యాయశాస్త్రం చదువుతూ 1848-49 విప్లవంలో పాల్గొన్నాడు. అది విఫలం కావడంతో దేశం విడిచి పారిపోయి వచ్చాడు. జ్యూరిక్‌లో వైద్యం చదివి, ఎవరూ రావడానికి ఇష్టపడని ఈ కొండపల్లెలో ఉద్యోగానికి చేరాడు.

కొన్నేళ్లు వైద్యం చేశాక ఆయనకో సంగతి వింతగా తోచింది. యూరప్ నగరాల్లో క్షయ ఇంటింటినీ పట్టి పీడిస్తోంది. ఈ లోయలో పుట్టి పెరిగినవాళ్లలో మాత్రం ఆ జబ్బు కనిపించడం లేదు. ఇక్కడి గాలిలోనే ఏదో మహత్తు ఉందనుకున్నాడు స్పెంగ్లర్. ఆ సంగతి రాశాడు, చెప్పాడు. ఎండాకాలంలో ఒకరిద్దరు రోగులు రావడం మొదలైంది.

అసలు మలుపు 1865 ఫిబ్రవరి 8న. నిండు చలికాలంలో, మంచు మీద స్లెడ్జి బండిలో ఇద్దరు జర్మన్లు ఊళ్లోకి వచ్చారు. ఒకాయన ఫ్రెడరిక్ ఉంగర్, డాక్టరు. రెండో ఆయన హ్యూగో రిక్టర్, పుస్తకాల వ్యాపారి. ఇద్దరికీ క్షయ. ఆ రోజుల్లో క్షయ రోగులు చలికాలం రాగానే వెచ్చని సముద్ర తీరాలకి వెళ్లేవారు. వీళ్లు సరిగ్గా దానికి ఎదురు వచ్చారు. ఊరివాళ్లు విచిత్రంగా చూశారు. తీరా చూస్తే ఇద్దరూ కోలుకున్నారు! ఉంగర్ అక్కడే డాక్టరుగా స్థిరపడ్డాడు. రిక్టర్ ప్రచురణ సంస్థ పెట్టి ఊరి పేరు నలుగురికీ చేరవేశాడు.

రెండేళ్ల తర్వాత, 1867లో విలియం యాన్ హోల్స్‌బోయర్ అనే డచ్చి దేశస్థుడు క్షయతో ఉన్న భార్యని తీసుకుని వచ్చాడు. ఆమె బతకలేదు. ఆయన మాత్రం తిరిగి వెళ్లలేదు. స్పెంగ్లర్‌తో కలిసి 1868లో రోగుల కోసం పెద్ద విడిది కట్టించాడు. ఊరికి రైలు కావాలని పట్టుబట్టి సాధించాడు. 1890లో రైలు దావోస్ చేరింది. అప్పటిదాకా గుర్రబ్బండ్ల మీద, స్లెడ్జిల మీద ఆధారపడిన ఊరు ఒక్కసారిగా యూరప్ అంతటికీ దగ్గరైంది.

వైద్యం ఎలా ఉండేదంటే... కడుపునిండా పాలు, మాంసం, కాస్త వైన్, చన్నీళ్ల ధారలు. అన్నిటికీ మించి విశ్రాంతి. ఆరుబయట వరండాల్లో వాలుకుర్చీలు వేసి, కంబళ్లు కప్పి, గడ్డకట్టే చలిలో గంటల తరబడి పడుకోబెట్టేవారు. 1882లో రాబర్ట్ కాక్ క్షయకి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాక పద్ధతులు మారాయి. కళ్లె ఎక్కడపడితే అక్కడ ఉమ్మడం నిషిద్ధం. శానిటోరియంలలో రోగులు జేబులో పెట్టుకు తిరగడానికి నీలం గాజు సీసాలు వచ్చాయి. గాలే జబ్బుని నయం చేస్తుందన్న స్పెంగ్లర్ నమ్మకం పూర్తిగా నిజం కాదని ఈ రోజు తెలుసు. కానీ మంచి తిండి, విశ్రాంతి, గాలీ వెలుతురూ కొందరికైనా మేలు చేశాయి.

ఆ ఆలోచన మన దాకా కూడా వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. ఎత్తయిన చోటు, పొడి గాలి చూసుకునే ఆ స్థలాన్ని ఎంచుకున్నారు. మన దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టింది కూడా 1948లో మదనపల్లెలోనే. 1926లో జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమలని క్షయ చికిత్సకి తీసుకెళ్లింది స్విట్జర్లాండ్‌కే. దావోస్ కాకపోయినా, అలాంటిదే మరో కొండ ఊరు... మోంటానా.

రోగులు పడుకుంటే... తోడొచ్చినవాళ్లు ఆడారు

రోగికి వరండాలో వాలుకుర్చీ ఉంది. మరి తోడు వచ్చిన అన్నకో, భర్తకో, స్నేహితుడికో? నెలల తరబడి చేసే పనేం లేదు. కళ్లముందు కొండంతా మంచు. ఊరివాళ్లు గడ్డి, కట్టెలు, ఉత్తరాలు చేరవేయడానికి వాడే చెక్క స్లెడ్జిలు గుమ్మాల దగ్గర ఉన్నాయి. అంతే... వాటిమీద కూర్చుని వాలులో జారడం మొదలుపెట్టారు!

ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి అక్కడే ఉండిపోయిన ఇంగ్లిషు రచయిత జాన్ ఎడింగ్టన్ సైమండ్స్ దాన్ని పందెంగా మార్చాడు. 1883 ఫిబ్రవరి 12న దావోస్ నుంచి పక్కనున్న క్లోస్టర్స్ వైపు దిగే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్ల పోటీ. రకరకాల దేశాలకి చెందిన 21 మంది పాల్గొన్నారు. చివరికి ఇద్దరు సమానంగా గెలిచారు. ఒకరు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన విద్యార్థి. ఇంకొకరు క్లోస్టర్స్ పోస్ట్‌మ్యాన్! విడిదికొచ్చిన దొరలకి అది సరదా. ఆ పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం రోజూ తిరిగే దారి. ఈనాటి ఒలింపిక్ ఆట 'లూజ్' మూలాలు ఆ పందెంలోనే ఉన్నాయంటారు. 1998 నుంచి 2018 దాకా ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున శివ కేశవన్ ఆడింది ఆ ఆటే.

సైమండ్స్ అక్కడ ఉన్న కాలంలోనే 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కూడా రెండు చలికాలాలు దావోస్‌లో గడిపాడు. ఆ నవల పూర్తయింది అక్కడే. ఆ తర్వాత వచ్చినాయన ఇంకా పెద్ద పేరున్నవాడు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్! భార్య లూయీసాకి క్షయ అని తెలిసి 1893లో దావోస్ తీసుకొచ్చాడు.

అప్పటికి నార్వే నుంచి వచ్చిన స్కీలు ఆ ఊళ్లో కొత్త వింత. బ్రాంగర్ సోదరులని ఇద్దరు స్థానికులు వాటితో కుస్తీ పట్టేవారు. పడిపోతుంటే జనం నవ్వుతారని చీకటి పడ్డాక సాధన చేసేవారట. 1894 మార్చిలో డాయిల్ వాళ్లిద్దరితో కలిసి స్కీల మీద కొండ దాటి అవతలి అరోసా గ్రామానికి చేరుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో 'స్ట్రాండ్' పత్రికలో ఆ అనుభవం రాశాడు. ముందు ముందు వందలమంది ఇంగ్లిషువాళ్లు స్కీయింగ్ కోసమే స్విట్జర్లాండ్ వస్తారని జోస్యం చెప్పాడు. వందలు కాదు... లక్షలు వచ్చారు.

1921లో ఊరికో ఐస్ హాకీ క్లబ్బు పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాల కుర్రాళ్లు కలిసి ఆడాలని 1923లో డాక్టర్ కార్ల్ స్పెంగ్లర్ ఓ కప్పు ప్రకటించాడు. ఆయన మరెవరో కాదు, మొదటి డాక్టరు అలెగ్జాండర్ స్పెంగ్లర్ కొడుకే. క్రిస్మస్ మర్నాటి నుంచి ఏడాది ఆఖరి రోజు దాకా జరిగే ఆ స్పెంగ్లర్ కప్పు పోటీలకి ఇప్పటికీ గొప్ప పేరు.

అయితే స్కీయింగ్‌లో ఓ ఇబ్బంది ఉంది. గంటల తరబడి ఎక్కాలి, నిమిషాల్లో జారాలి. 1930ల మొదట్లో పార్సెన్ కొండ మీదికి పట్టాల బండి వేశారు. 1934 డిసెంబరు 24న బోల్గెన్ వాలులో కదిలే తాడు పట్టుకుని మనుషుల్ని పైకి లాగే కొత్త తరహా లిఫ్టు మొదలైంది. ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ అనే ఇంజినీరు రూపొందించిన ఆ లిఫ్టు ప్రపంచంలోనే అలాంటివాటిలో మొదటిది. ఇక ముసలీ ముతకా కూడా కొండెక్కగలిగారు.

మందొచ్చింది... మంచాలు ఖాళీ!

1912లో జర్మన్ రచయిత థామస్ మాన్ భార్యని చూడటానికి దావోస్ శానిటోరియానికి వచ్చి మూడు వారాలు ఉన్నాడు. ఆ అనుభవంలోంచి 1924లో 'మ్యాజిక్ మౌంటెన్' నవల వచ్చింది. ప్రపంచమంతా చదివింది. ఊళ్లో డాక్టర్లకి మాత్రం అది నచ్చలేదు. రోగులు, మరణాలు, వాటిచుట్టూ అల్లుకున్న వ్యాపారం... అన్నీ అందులో ఉన్నాయి మరి!

కానీ ఆ వ్యాపారాన్ని దెబ్బతీసింది నవల కాదు. 1943లో అమెరికాలో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్. ఆ తర్వాత వరుసగా మరిన్ని మందులు. ఏళ్ల తరబడి కొండ మీద పడుకోవాల్సిన రోగి ఇంటిపట్టునే నయం చేసుకోగలిగాడు. లోకానికది వరం. రోగుల మీద బతికే ఊరికి మాత్రం పిడుగు. 1950ల్లో శానిటోరియంలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని హోటళ్లయ్యాయి. 1900లో కట్టిన ప్రసిద్ధ షాట్జాల్ప్ శానిటోరియం కూడా అలాగే హోటలైంది. రోగులు పడుకున్న వరండాల్లోనే పర్యాటకులు కాఫీ తాగడం మొదలుపెట్టారు.

ఒకే పంట మీద బతికితే ఏమవుతుందో నెల్లూరు తీరానికి తెలియంది కాదు. 1990ల మొదట్లో వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఒక్క ఊపున తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వా చట్టం, 2009 నుంచి వనామి రకం... మళ్లీ నిలదొక్కుకోవడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

దావోస్‌ని ఆదుకున్నవి రెండు. ఒకటి, తోడొచ్చినవాళ్లు సరదాకి మొదలుపెట్టిన మంచు ఆటలు. రెండోది, సభలు. 1928లోనే ఐన్‌స్టీన్ వచ్చి ఉపన్యాసమిచ్చిన ఊరది. 1969లో పెద్ద సమావేశ మందిరం కట్టుకున్నారు. 1971 జనవరిలో క్లాస్ ష్వాబ్ అనే ప్రొఫెసర్ అక్కడ యూరప్ కంపెనీల అధిపతులతో ఓ సదస్సు పెట్టాడు. అదే 1987లో 'వరల్డ్ ఎకనమిక్ ఫోరం'గా పేరు మార్చుకుంది. ఏటా మన పేపర్లకి ఎక్కేది ఆ సదస్సే. అయితే అది ఉండేది ఓ వారం. మిగతా చలికాలమంతా ఊరిని పోషించేది మంచే.

మంచును చదివారు

ఇక ఈ కథలో అసలు సంగతికొద్దాం. మంచు చరియలు!

కొండవాలు మీద మంచు ఒకేసారి పడదు. ఒక్కో రోజు ఒక్కో పొర. ఓ పొర మెత్తగా, ఓ పొర గట్టిగా, మధ్యలో ఎక్కడో పంచదార పలుకుల్లా పొడిపొడిగా ఉండే బలహీనమైన పొర. పైనుంచి చూస్తే అంతా ఒకే తెలుపు. బరువు పెరిగినా, ఒక మనిషి స్కీల మీద అటుగా వెళ్లినా ఆ బలహీనమైన పొర తెగిపోతుంది. దాని పైనున్న మంచంతా పలకలా విరిగి కిందికి దూసుకొస్తుంది. చరియల్లో చిక్కుకుని చనిపోయేవారిలో ఎక్కువమంది తామో, తమ పక్కవాళ్లో కదిలించిన మంచు కిందే పోతారు.

జనం చలికాలంలో కొండెక్కడం పెరిగేకొద్దీ ఈ ప్రమాదమూ పెరిగింది. అప్పుడు ఆ ఊరు ఏం చేసిందంటే... కొండ ఎక్కొద్దని బోర్డు పెట్టి ఊరుకోలేదు. మంచుని చదవడం మొదలుపెట్టింది. 1936లో దావోస్ పైనున్న వైస్‌ఫ్లూయోక్ దగ్గర, 2,600 మీటర్లకు పైన, శాస్త్రవేత్తలు మంచులోనే ఓ గది కట్టుకుని కూర్చున్నారు. పొరలు కోసి చూశారు, కొలిచారు, రాసుకున్నారు. 1942లో అది స్విస్ ప్రభుత్వ పరిశోధన సంస్థ అయింది. 1945 నుంచి మంచు చరియల ప్రమాదం మీద ప్రజలకి ప్రకటనలివ్వడం మొదలైంది.

అంతటితో ప్రమాదాలు ఆగిపోలేదు. 1950-51 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో చరియలు విరిగిపడి 98 మంది చనిపోయారు. 1968 జనవరిలో దావోస్ మీదే చరియలు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. ప్రతి దెబ్బ తర్వాతా ఆ దేశం ఇంకాస్త నేర్చుకుంది. ఏ స్థలంలో చరియ పడే అవకాశం ఎంతో లెక్కగట్టి పటాలు గీశారు. ఎర్రరంగు వేసినచోట ఇల్లు కట్టకూడదు. నీలం రంగు ఉన్నచోట షరతులతో కట్టుకోవచ్చు. ఊళ్ల పైనున్న వాలుల్లో ఉక్కు కంచెలు వేశారు. కొండల మీది అడవిని కాపాడాలని 1876లోనే చట్టం తెచ్చారు. చెట్లే చరియలకి మొదటి అడ్డుకట్ట అని వాళ్లకి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు చలికాలంలో రోజుకి రెండుసార్లు... సాయంత్రం 5 గంటలకి, ఉదయం 8 గంటలకి... దావోస్ నుంచి ప్రకటన వెలువడుతుంది. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతారు. ఏ వైపు వాలు, ఎంత ఎత్తులో, ఏ రకం మంచు... అంతా వివరంగా. చదువురాని పిల్లాడికి కూడా అర్థమయ్యేలా రంగులు. స్కీలు తొడుక్కునే ముందు ఆ రోజు అంకె ఎంతో చూసుకోవడం అక్కడివారికి అలవాటు.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. భూమి వేడెక్కుతోంది. తక్కువ ఎత్తులో ఉన్న స్విస్ విడిదులు చాలావాటికి మంచే కరవవుతోంది. దావోస్ ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంకా ఫరవాలేదు. అక్కడ కూడా చలికాలపు మంచుని కుప్పపోసి, దాని మీద రంపపుపొట్టు కప్పి ఎండాకాలమంతా దాచి, అక్టోబరులో తీసి పరుస్తున్నారు. తాతల కాలంలో శాపమనుకున్న మంచుని మనవలు వడ్ల గాదెలా దాచుకుంటున్నారు!

మైపాడు కెరటం

ఇప్పుడు మళ్లీ మన ఇసుక మీదికొద్దాం. కార్తీక పౌర్ణమికి మైపాడు తీరం కిటకిటలాడుతుంది. సముద్ర స్నానాలు, దీపాలు, ఉసిరి కొమ్మలు. కనుమ నాడు, ఎండాకాలం సెలవుల్లో, మామూలు ఆదివారాల్లో కూడా సందడే. ఆ సందడి వెనకే, ఏటా ఎప్పుడో ఒకప్పుడు, జిల్లా పేజీలో ఓ చిన్న వార్త వస్తుంది. స్నేహితులతో వచ్చిన విద్యార్థి గల్లంతు. ఒకణ్ని కాపాడబోయి మరొకడు. కన్నవాళ్లకి అది చిన్న వార్త కాదు.

సముద్రం కూడా మంచులాంటిదే. పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి వెళ్లాలి కదా. నీటి అడుగున ఇసుక దిబ్బలుంటాయి. ఎక్కడ దిబ్బ తెగి సందు ఉంటుందో అక్కడి నుంచి నీళ్లన్నీ ఓ కాలువలా లోపలికి లాగేస్తాయి. తమాషా ఏమిటంటే, ఆ సందు దగ్గర కెరటాలు పెద్దగా విరగవు. అటూ ఇటూ నురగలు కక్కుతుంటే మధ్యలో ఓ జానెడు నిదానంగా కనిపిస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి బాగుందని జనం దిగేది సరిగ్గా అక్కడే! పైగా ఆ దిబ్బలు స్థిరంగా ఉండవు. పోయిన ఆదివారం మోకాలి లోతున్న చోట ఈ ఆదివారం పీకల్లోతు ఉండొచ్చు.

ఆ లాగుడులో చిక్కుకున్నవాడు భయపడి ఒడ్డువైపే ఈదాలని చూస్తాడు. ప్రవాహానికి ఎదురీది అలిసిపోతాడు. అసలు చేయాల్సింది వేరు. బెంబేలు పడకుండా తేలడానికి ప్రయత్నించాలి. చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ కాలువ వెడల్పు తక్కువే, కాస్త పక్కకి వస్తే కెరటాలే ఒడ్డుకి చేరుస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు గబుక్కున దూకకూడదు. తాడో, ఖాళీ నీళ్ల క్యానో, ట్యూబో... తేలేది ఏదైనా విసిరి, జాలర్లని కేకెయ్యాలి. ఒకరు పోవాల్సిన చోట ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఆ తొందరపాటే.

అలాగని మన దగ్గర సముద్రాన్ని చదివేవాళ్లు లేరా అంటే... ఉన్నారు. 1999లో హైదరాబాద్‌లో ఏర్పాటైన ఇన్‌కాయిస్ సంస్థ పని అదే. కెరటాల ఎత్తు ఎంత, ఏ తీరంలో ఏ రోజు ఉప్పెనలాంటి అలలు రావొచ్చు, చేపలు ఎక్కడ దొరుకుతాయి... అన్నీ ముందే చెబుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ ఆంధ్ర తీరంలో వందమందికి పైగా ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం వచ్చింది కూడా అక్కడే. సముద్రం ఒడ్డున ఏది ఎక్కడ కట్టొచ్చో చెప్పే తీరప్రాంత నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. విశాఖ రుషికొండ తీరానికి 2020లో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే శిక్షణ పొందిన రక్షకులు ఉండటం తప్పనిసరి.

అంటే చదువు ఉంది. అది ఒడ్డుదాకా రావాలి. వేటకెళ్లే జాలరికి అందే హెచ్చరిక, నెల్లూరు బస్సు దిగి చెప్పులు చేతపట్టుకునే కుటుంబానికీ అందాలి. 'ప్రమాదకరం' అని ఏడాది పొడవునా ఒకేమాట చెప్పే బోర్డుని ఎవరూ చదవరు. ఈ రోజు ఎలా ఉంది, ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు... ఓ ఎర్రజెండా, ఓ పచ్చజెండా చాలు. ఆ జెండా పాతడానికి మైపాడు జాలరి కుర్రాళ్ల కంటే తగినవాళ్లు ఎవరుంటారు? ఏ దిబ్బ ఎప్పుడు కదిలిందో వాళ్లకి తెలుసు. ఎవరైనా మునుగుతుంటే ముందు దూకేదీ వాళ్లే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. సరిగ్గా ఎండాకాలం సెలవులకి జనం తీరానికి పోటెత్తే రోజులవి. వాళ్లకి శిక్షణ, జీతం ఇచ్చి ఆ రోజుల్లో రక్షకులుగా నిలబెడితే... తీరానికి కాపలా, పొయ్యిమీదికి ఎసరు రెండూ దొరుకుతాయి. క్లోస్టర్స్ పోస్ట్‌మ్యాన్ గెలిచిందీ అందుకేగా... ఆ దారి అతనికి తెలుసు!

జెండాలు వచ్చేదాకా కూడా చేయగలిగింది ఒకటుంది. ఒడ్డున వలకి కన్నాలు కుట్టుకుంటూ ఎవరో ఓ పెద్దాయన ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. నీళ్లలోకి పరుగెత్తే ముందు పిల్లల చేత ఆయన్ని ఒక్కమాట అడిగించాలి... "తాతా, ఇయ్యాల సముద్రం ఎట్టుంది?" అని. ఆయన తల ఎత్తి చూసి చెబుతాడు. వద్దంటే, ఆ పూట ఇసుకలో గూళ్లు కట్టుకుని, వేడివేడి చేపలు తిని వచ్చేయడమే.